జబ్బు పేరు చెప్పాల్సింది నువ్వే

శుక్రవారం లోపు మార్లిస్ కోస్కెలాకు శిక్షణ ఇచ్చే మనిషి దొరకాలి. లేకపోతే ఆమె నర్స్ ప్రాక్టిషనర్ చదువు, అంటే డాక్టరులా రోగిని చూసి మందు రాసే నర్సు చదువు, ఏడాది వెనక్కి పోతుంది. కాలేజీ పాఠాలు చెబుతుంది, పరీక్షలు పెడుతుంది. రోగుల దగ్గర పక్కన నిలబెట్టుకుని పని నేర్పేవాళ్లను మాత్రం విద్యార్థులే వెతుక్కోవాలి. అమెరికాలో సుపీరియర్ సరస్సు దక్షిణ తీరంలోని క్లినిక్‌లన్నిటికీ ఆమె మెయిల్ పెట్టింది. కొందరు తీరిక లేదన్నారు. మిగతావాళ్లు ఆ మాట కూడా అనలేదు.

ఎమర్జెన్సీ వార్డులో పేరున్న నర్సు ఆమె. హెడ్ నర్సును చేస్తామంటే, "కుర్చీలో కూర్చుని డ్యూటీలు వేయడం నావల్ల కాదు. రోగిని నేనే చూడాలి, మందు నేనే రాయాలి" అని ఈ చదువులో చేరింది.

గురువారం పొద్దున సిస్కో బే క్లినిక్‌కు నేరుగా వెళ్లింది. ఆ ఊళ్లో డాక్టరు లేడు. వెర్నా టూమినెన్ అనే నర్స్ ప్రాక్టిషనరే అందరినీ చూస్తుంది.

"మెయిల్ పెట్టానండీ, వెర్నా గారూ."

"జింకల వేట మొదలైన వారంలో మెయిళ్లు చూసేదెవరమ్మా? వేలు కోసుకున్నవాడొకడు, చెట్టు మీంచి పడ్డవాడొకడు. నర్సు లైసెన్సు ఉందిగా, కోటు విప్పు. ఈ పూట నీ పని చూస్తాను. నచ్చితే సరే, లేకపోతే మాంసం కూరిన పాస్టీ తిని వెళ్దువు గాని."

మొదట దగ్గుతో ఒక ముసలావిడ వచ్చింది. మార్లిస్ జ్వరం, నాడి, ఊపిరి చప్పుడు అన్నీ చూసి, వెర్నాకు పొల్లుపోకుండా చెప్పి ఆగింది.

"ఊఁ, అయితే?"

"మీరేమంటారో అని..."

"నేనేమీ అనను. డాక్టరుకు ఫోన్లో చెప్పినట్టు చెప్పావు. ఇక్కడ అవతల ఎవరూ లేరు, అమ్మాయ్. పాత నర్సులందరికీ ఇదే రోగం. చూసిందంతా చెబుతారు, జబ్బు పేరు మాత్రం నోట్లోంచి రాదు." ఆ ముసలావిడకు వెర్నాయే మందు రాసి పంపింది.

మార్లిస్ చెవులు ఎర్రబడ్డాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోగి ముందు అపెండిసైటిస్ అన్నందుకు, జబ్బు పేరు చెప్పడం నర్సు పని కాదని డాక్టరు కసిరాడు. ఆ తర్వాత ఆమె ఏ జబ్బు పేరూ పైకి అనలేదు.

తర్వాత నారింజ రంగు వేట కోటుతో ఆర్వో లాంపి వచ్చాడు. తలనొప్పి, వికారం.

"రాత్రి బీరు ఎక్కువైంది తల్లీ, అంతే. మా ఆవిడ ఫోన్లో పోరుపెడితే వచ్చాను."

జ్వరం లేదు. వేలికి పెట్టిన మిషను ఆక్సిజన్ తొంభైతొమ్మిది చూపించింది.

"పొద్దుట్నుంచీ ఇలాగే ఉందా?"

"అడవిలో తిరిగితే తగ్గుతుంది. మా చెక్క క్యాబిన్‌కు రాగానే మళ్లీ మొదలు. వంట మా తమ్ముడిది కదా మరి!"

"చలికి ఏం వెలిగిస్తున్నారు?"

"గ్యాస్ హీటరు. కిటికీ సందుల్లోంచి గాలి కొడుతుంటే టేపు అంటించాం."

"మీ తమ్ముడెక్కడ?"

"వెస్లీయా? పడుకున్నాడు. వాడికీ తలనొప్పే."

మార్లిస్ వెర్నా వైపు చూసింది. వెర్నా కిటికీలోంచి సరస్సు చూస్తోంది. మిషను ఇంకా తొంభైతొమ్మిదే చూపిస్తోంది. రక్తంలో ఉన్నది ఆక్సిజనో విషవాయువో ఆ మిషను కనిపెట్టలేదు. ఆ సంగతి మార్లిస్‌కు తెలుసు.

"ఇది బీరు కాదు" అంది. "కార్బన్ మోనాక్సైడ్ విషం. ఈయనకు వెంటనే ఆక్సిజన్ పెట్టాలి, రక్తపరీక్ష చేయించాలి. క్యాబిన్‌కు అంబులెన్స్ ఇప్పుడే వెళ్లాలి."

వెర్నా ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు."

మార్లిస్ చెప్పింది. ఎవరినీ అడగలేదు. ఆర్వో ముఖానికి మాస్కు కట్టి, దారి చెప్పమంది. క్యాబిన్‌కు ఎటు తిరగాలో అతను చెబుతుంటే అవే మాటలు ఫోన్లో అందించింది.

కాసేపటికి ఫోన్ మోగింది. అంబులెన్స్ వాళ్లు వెస్లీని బయట మంచులోకి మోసుకొచ్చారు. కళ్లు తెరిచాడు. తెరవగానే, టేపు పీకి వెచ్చదనమంతా బయటికి పోనిచ్చిన వెధవెవడని అడిగాడట.

"వాడే!" అన్నాడు ఆర్వో మాస్కులోంచి. "అనుమానం లేదు, మా వెస్లీయే!" నవ్వుతూనే ఏడ్చాడు.

అన్నదమ్ములిద్దరినీ ఆస్పత్రికి పంపాక వెర్నా పాస్టీని రెండు ముక్కలు చేసి, పెద్దది మార్లిస్‌కు ఇచ్చింది.

"క్రిస్మస్ పండగలు కాగానే సోమవారం రా. పొద్దున్నే. నా కాఫీకప్పు మాత్రం ముట్టుకోకు. ఇంతకీ పొద్దున దగ్గిన పెద్దావిడకు ఏమిటంటావు?"

"న్యుమోనియా. కుడి ఊపిరితిత్తి, కింది భాగం" అంది మార్లిస్, నోటినిండా పాస్టీతో.