వద్దనొచ్చు

"...ఈ అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు ఇందుమూలముగా సమ్మతించుచున్నాను." గుమాస్తా చదివి ఆపింది. ఎదురుగా చీపురు పట్టుకుని నిలబడ్డ స్వీపరు తెల్లమొహం వేసింది.

"ఏం అర్థమైందో చెప్పు చెల్లీ."

"ఏదో రాయించుకుంటున్నారక్కా. వద్దంటే వైద్యం ఆపేస్తారా? ఆ ముక్క లేదేంటి అందులో?"

గుమాస్తా ఎర్రపెన్సిలు తీసి ఆ ప్రశ్నే పత్రం అంచున రాసింది. విశ్వవిద్యాలయంలో మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఈ నైతిక సమీక్షా విభాగం అనుమతి తీసుకోవాలి. వచ్చిన ప్రతి సమ్మతిపత్రాన్నీ ఆమె ఇరవై రెండేళ్ళుగా ఇలా పైకి చదువుతోంది. విన్న మనిషి తన మాటల్లో తిరిగి చెప్పలేకపోతే పత్రం వెనక్కి పోతుంది. నియమావళిలో ఇలాంటి పద్ధతి ఎక్కడా లేదు. అందుకే పరిశోధకులు ఆమెకు అడ్డుపుల్ల అని పేరు పెట్టారు. ఆ పేరూ ఆమెకు తెలుసు, పెట్టినవాడూ తెలుసు.

పొట్టి మనిషి. బిగించి చుట్టిన నెరిసిన ముడి, ముద్ర సిరాతో ఎప్పుడూ నీలంగా ఉండే చూపుడువేలు. గొంతు మాత్రం మూడు గదులు దాటుతుంది. ఇంట్లో చెవులు వినపడని తల్లితో అరిచి అరిచి అలా తయారైంది. ఆ చెవులు పోయింది ఒక సూదిమందు వల్ల. ఆసుపత్రిలో ఎవరో కొత్త మందు పరీక్షిస్తూ కాగితం చాపితే తల్లి వేలిముద్ర వేసింది. పక్కన సాక్షి సంతకం పెట్టింది పందొమ్మిదేళ్ళ కూతురు. చదువుకున్న పిల్ల, చదవకుండానే పెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

పేజీ తిప్పబోతే కింద మందంగా ఏదో తగిలింది. నలభై సమ్మతిపత్రాలు, సంతకాలూ వేలిముద్రలూ పడి ఉన్నాయి. వాటి మీద తేదీ పోయిన నెలది. దరఖాస్తు వచ్చింది ఈ ఉదయం. అంటే అనుమతి అడక్కముందే విశ్వవిద్యాలయ ఆసుపత్రి కిడ్నీ వార్డులో రోగుల చేత దరఖాస్తులో రాసిన కొత్త తెల్లమాత్రలు మింగిస్తున్నారు. ఆ సాక్ష్యాన్ని వాళ్ళే పిన్ను కొట్టి మరీ పంపారు. అంత చదువు చదివిన మహానుభావులకు, ఇక్కడెవరూ ఏదీ చదవరని ఎంత ధీమా.

పదకొండింటికి ఆ పరిశోధన చేస్తున్న ప్రొఫెసరే వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లకోటు.

"చిన్న పొరపాటమ్మా. మా వాళ్ళు చూసుకోలేదు. అందినట్టు ముద్ర పోయిన నెల తేదీతో వేసెయ్యండి."

"ఇది పరీక్ష అని ఆ నలభై మందికీ చెప్పారా?"

"చెప్తే భయపడతారు. వాళ్ళ మంచికేగా."

గుమాస్తాకు ఒళ్ళు మండిపోయింది. ముద్ర ఎత్తి ఈనాటి తేదీ కొట్టింది, ముందు దరఖాస్తు మీద, తర్వాత నలభై పత్రాల మీదా ఒక్కొక్కటిగా. ప్రొఫెసర్ ఆ చప్పుడంతా నిలబడి విని, విభాగం డైరెక్టరు గదికి నడిచాడు.

భోజనాల వేళ దాటాక ఆమెకు పిలుపు వచ్చింది. డైరెక్టరు మర్యాదస్తుడు. గొంతు కోసేటప్పుడు కూడా ముందు కుర్చీ చూపిస్తాడు.

"మన విభాగం పేరు మారుస్తున్నామమ్మా. పరిశోధనా సహాయ, అవకాశాల కేంద్రం. సాయం చెయ్యడం మన పని, ఆపడం కాదు."

"ఎవరికండీ సాయం?"

ఆయన ఒక కాగితం ఇటు జరిపాడు. పాత జవాబుపత్రాల గోదాముకు బదిలీ, ఈరోజు నుంచే.

"మరి ఆ మాత్రల సంగతి?"

"కమిటీ వచ్చే నెల చూస్తుంది."

"అప్పటిదాకా మింగుతూనే ఉంటారా?"

డైరెక్టరు ఫోను అందుకున్నాడు. మాట్లాడటం అయిపోయిందని అర్థం.

నాలుగింటికి ఆమె తాళాలు అప్పగించింది. స్వీపరు వరండా చివరిదాకా వెంట వచ్చింది.

"ఇక నాకెవరు చదువుతారక్కా?"

ఎవరూ చదవరు. ఆమె స్వీపరు భుజం తట్టి మెట్లు దిగింది. బస్సు కోసం ఎడమకు తిరగాలి. ఆమె కుడికి తిరిగి ఆసుపత్రిలోకి నడిచింది.

కిడ్నీ వార్డులో అటు ఇరవై, ఇటు ఇరవై మంచాలు. సాయంత్రం మందులు అప్పుడే చిన్న కాగితపు గిన్నెల్లో పంచారు. ఆమె నడిమధ్య నిలబడి, తల్లికి చెప్పినట్టే చెప్పింది.

"ఆ తెల్లమాత్ర కొత్తది. మీ మీద పరీక్ష చేస్తున్నారు. మీకు చెప్పకుండా సంతకాలు తీసుకున్నారు. మీరు వద్దనొచ్చు. వద్దన్నా మీ వైద్యం ఆపడానికి వీల్లేదు. మిగతా మందులు మాత్రం మానకండి."

నర్సు ట్రాలీ ఆపి వింది. గుమ్మం పక్క మంచం మీది ముసలావిడ మోచేతి మీద లేచింది.

"నిజంగా అనొచ్చా తల్లీ?"

"అనొచ్చు పెద్దమ్మా. ఒళ్ళు మీది."

వాచ్‌మన్ వచ్చి, బయటికి నడవమన్నాడు. ఆమె నడిచింది. ఆ ఆసుపత్రి ఆవరణలోకి ఆమె మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

చీకటి పడే వేళకు నర్సు ఖాళీ కాగితపు గిన్నెలు ఏరుకుంటూ వచ్చింది. గుమ్మం పక్క మంచం దగ్గర గిన్నె ఖాళీగా లేదు. మిగతా మాత్రలన్నీ అయిపోయి, అడుగున తెల్లది ఒక్కటే ఉంది.