తేనె రంగు చార

జ్ఞానవతి భర్త ఓడలో వంటవాడు. చాలా ఏళ్ళ కిందట ఇటలీ రేవులో, బటన్ నొక్కితే బ్లేడు బయటికి దూకే చాకులు ఒకేలాంటివి రెండు కొన్నాడు. కొడుకులు రాబర్ట్‌కీ ప్రవీణ్‌కీ చెరొకటి ఇచ్చాడు. నాదంటే నాదని పిల్లలు కొట్టుకున్నప్పుడల్లా తీర్పు చెప్పింది జ్ఞానవతే. పెద్దవాడి చాకుకి కొమ్ము పిడి అంతా నలుపే. చిన్నవాడిదానికి మాత్రం బటన్ కింద సన్నగా తేనె రంగు చార ఉండేది.

మొన్న ఊళ్ళోని అబర్డీన్ బజార్‌లో జరిగిన గొడవలో ఎవరో ఒకతన్ని పొడిచి, చాకు అక్కడే పడేసి పారిపోయారు. అన్నదమ్ములిద్దరూ ఆ గొడవలో ఉన్నారు. తన చాకు ఎప్పుడో పోయిందని ఎవరికి వారే చెప్పారు. పోలీసులు జ్ఞానవతిని బ్రూక్షాబాద్‌లోని ఇంటి నుంచి స్టేషన్‌కి పిలిపించారు.

ఇన్‌స్పెక్టర్ చాకుని ప్లాస్టిక్ కవర్లోనే బల్ల మీద పెట్టాడు. "దేఖో అమ్మా, ఇది ఇద్దరిలో ఎవరిది?"

చార కనిపిస్తూనే ఉంది. గోడ పక్కన అన్నతో పాటు నిలబడ్డ ప్రవీణ్ తల దించుకున్నాడు. రాబర్ట్ ఆమెనే చూస్తున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు రాబర్ట్ నెమ్మదిగా. "నీకు తెలుసుగా."

జ్ఞానవతి చార మీంచి చూపు తిప్పేసుకుంది.

"రెండూ ఒకేలా ఉండేవి సార్. నాకు తేడా తెలీదు."

"అయితే ఇద్దరూ ఇక్కడే ఉంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బయట బెంచీ మీద రాబర్ట్ భార్య అబిగేలు కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ ఆమెకి వినిపించాయి.

"అత్తయ్యా, మీకు నిజంగా తేడా తెలీదా?"

జ్ఞానవతి కోడలి చెయ్యి పట్టుకోబోయింది. అబిగేలు చెయ్యి వెనక్కి తీసుకుంది.