ఫ్రిజ్‌లో మిగిలిన సీసా

ఆ ఆదివారం వసంతకుమారి చేయవలసిన పనులు నాలుగు. యూనిఫారం ఇస్త్రీకి ఇవ్వాలి. చర్చికి వెళ్లాలి. బేర్ సరాయ్‌లో ధర్మయ్యను పలకరించి రావాలి. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల మిగిలిన ఇంజెక్షన్ సీసాను పారేయాలి.

మొదటి రెండూ అయ్యాయి. చర్చిలో అందరితోపాటు పాడింది. ఏమి పాడిందో గుర్తులేదు.

ధర్మయ్య, అన్నపూర్ణేశ్వరి దంపతులు బేర్ సరాయ్ సందులో మెస్ నడిపేవారు. దేశ రాజధానికొచ్చి పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలకు ఆవిడ చేతి పప్పే దిక్కు. ఆవిడకు కేన్సర్ వచ్చింది. డాక్టరు రాసిన ఇంజెక్షన్ వాళ్లు కొనగలిగింది కాదు.

"సగం ధరకే తెప్పిస్తా" అన్నాడు వసంతకుమారి భర్త పౌలురాజు. "ఫారిన్ నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో వస్తాయి. బంగారమా ఏమన్నానా, మందేగా!"

మందు కాబట్టి ఆమెకూ అది దొంగసరుకు అనిపించలేదు. పుణ్యమనిపించింది.

ఆమె నర్సుగా పనిచేసే ఆసుపత్రిలోనే ఆవిడకు వైద్యం. మందు ఎక్కించాక సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కరు ఊడదీసి కేస్‌షీటులో అతికించడం అక్కడి పద్ధతి. ఈ సీసాలకు స్టిక్కరు లేదు. పెట్టె మీద ధర లేదు, దిగుమతి చేసుకున్నవారి పేరు లేదు. చల్లగా ఉండవలసిన మందు బట్టల మధ్య ఎన్ని గంటలు ఉడికిందో చెప్పేవారు లేరు. ఇరవై ఏళ్ల అనుభవమున్న నర్సు ఇదంతా చూసింది. చూసి, 'రోగి తెచ్చుకున్న మందు' అని రాసి, మూడుసార్లు ఎక్కించింది. గడ్డ కరగలేదు. గత నెలలో అన్నపూర్ణేశ్వరి కన్నుమూసింది.

మెస్‌లో ధర్మయ్య ఆమె ముందు కంచం పెట్టాడు.

"తిను చెల్లెమ్మా. ఆవిడుంటే ఖాళీ కడుపుతో పంపేదా నిన్ను? పప్పులో ఉప్పెక్కువైంది, ఏమనుకోకు. కుర్రాళ్లు ఇందాకే వెక్కిరించారు, అంకుల్ సముద్రం వండాడని."

"అన్నయ్యా..."

"నువ్వు చేయగలిగిందంతా చేశావమ్మా. అంత మందుకీ లొంగలేదంటే ఏం చేస్తాం."

ఆమె ఆ పప్పన్నం మెతుకు మిగలకుండా తినేసింది. ఉప్పు తెలియలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి, సూట్‌కేసు దగ్గర్నుంచి స్టిక్కరు దాకా అన్నీ చెప్పింది.

ధర్మయ్య చేతిలోని నీళ్ల జగ్గు బల్ల మీద పెట్టాడు.

"అయితే అది అసలు మందో కాదో..."

"తెలియదన్నయ్యా. ఎవర్నడిగినా తెలియదు."

"నీ హస్తవాసి మంచిదనేది ఆవిడ" అన్నాడాయన. "చివరిదాకా."

ఇంటికొచ్చి సీసాను పారేయకుండా ఐసు డబ్బాలో పెడుతుంటే పౌలురాజు అడ్డొచ్చాడు.

"పిచ్చా నీకు? నీ ఉద్యోగం పోద్ది. నన్ను లోపలేస్తారు. పోయినావిడ తిరిగొస్తదా?"

"రాదు. ఇంకో ఇంటికెళ్లే సీసా ఆగుద్దేమో."

సోమవారం ఆమె ఆ సీసాను ఔషధ నియంత్రణ అధికారికి అప్పగించి, ఫిర్యాదు కింద తన పేరే రాసింది.

దొంగదారిన సరిహద్దు దాటిన సరుకుకు జవాబు చెప్పేవాడుండడు. అది మందైనా అంతే, మనవాళ్లే తెచ్చినా అంతే. రేపు ఎవరైనా జాలిపడి మీ చేతిలో అలాంటి సీసా పెడితే, పప్పులో ఉప్పు ఏనాడూ తప్పని అన్నపూర్ణేశ్వరిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.