ముందు పలకరించాల్సింది అతనే

కినుగారు పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పనికి జీతం లేదు. జైలు నుంచి గడువుకు ముందే బయటికొచ్చినవాళ్లు నెలకు రెండుసార్లు ఆవిడ ఇంటికి వచ్చి, కాళ్లు వెచ్చబెట్టుకునే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆవిడ టీ పోస్తుంది, ముల్లంగి ఊరగాయ పెడుతుంది, పనికి వెళ్తున్నారా, తాగుతున్నారా అని కూపీ లాగుతుంది, నెలాఖరున సర్కారుకు కాగితం రాస్తుంది. నలభై ఏళ్లు మంగలి షాపు నడిపిన మనిషి. ఎదుటివాళ్ల చేత మాట్లాడించడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య.

కష్టమంతా వీధిలోనే. వాళ్లు బయట ఎదురుపడితే ఆవిడ పరాయి మనిషిని చూసినట్టు దాటిపోవాలి. ఆవిడ పనేమిటో అందరికీ తెలుసు కనక, కినుగారు ఎవరైనా కొత్తవాణ్ని పలకరించిందంటే, వాడు జైలుకెళ్లొచ్చాడని పేటంతటికీ తెలిసిపోయినట్టే. అందుకని అతనే ముందు పలకరిస్తే తప్ప ఆవిడ నోరు విప్పదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ మాట తప్పలేదు.

తాత్సుయాకు ముప్పై ఏళ్లు. మేడ కిటికీల్లోంచి ఇళ్లలో దూరి దొంగతనాలు చేసి మూడేళ్లు లోపల ఉన్నాడు. ఇప్పుడు బియ్యం మిల్లులో మూటలు మోస్తున్నాడు. ఆవిడ ఇంట్లో కబుర్లకు కూర్చుంటే ఒక పట్టాన లేవడు. కొట్టు దగ్గర ఎదురైతే మాత్రం తల వంచుకుని పోతాడు. నాలుగు నెలలుగా ఇదే వరస. అది అతని హక్కేనని తెలిసినా, ప్రతిసారీ ఆవిడ మనసు చివుక్కుమనేది.

జనవరిలో మంచు నడుం లోతు పడింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్ల కప్పుల మీద మంచు తోయడానికి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పేటవాళ్లంతా కలవాలి. కినుగారు ఈ సంగతి అతని చెవిన వేసింది గానీ రమ్మనలేదు. అతను సొంత పార పట్టుకుని మరీ వచ్చాడు. ఆవిడ చూడనట్టే నిలబడింది.

ఒనోడెరా ముసలమ్మ ఇంటికి నిచ్చెన ఇంకా రాలేదు. పైన బరువుకు దూలాలు కిర్రుమంటున్నాయి. తాత్సుయా ఆగలేదు. పార వీపుకు కట్టుకుని, గుంజ పట్టుకుని, కిటికీ చూరు మీద కాలేసి, మూడు అంగల్లో కప్పెక్కేశాడు. కింద ఇరవై మంది నోళ్లు తెరుచుకుని చూశారు.

పేట సంఘం పెద్ద ఇవాబుచి నోటికి హద్దూ అదుపూ లేదు.

“ఏం బాబూ, ఈ విద్య ఎక్కడ నేర్చావు? నిచ్చెన లేకుండా మేడెక్కేవాణ్ని నేనింతవరకు చూళ్లేదు.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంతలోనే ఆగింది. ఒక్కొక్కరి చూపే తమ తమ మేడ కిటికీల మీదికి పోయింది. ఇవాబుచి అతన్ని దిగి ఊరూ పేరూ చెప్పమన్నాడు. తర్వాత కినుగారివైపు తిరిగాడు. “మీ వీధిలోనే ఉంటాడటగా. మీరెరుగుదురా?”

ఎరుగుదునంటే అతని గుట్టు రట్టవుతుంది. ఎరగనంటే పేట ఈ పూటే అతన్ని వెలేస్తుంది. ఇవాబుచి మీద ఆవిడకు ఒళ్లు మండింది. కానీ గుట్టు తనది కాదు, విప్పే హక్కూ తనకు లేదు. చెప్పుకోవాలంటే తాత్సుయాకే నోరుంది అనుకుంది. నాలుగు నెలలు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన మనిషి, ఆ మాత్రం నమ్మకం ఆవిడకుంది. తలెత్తి అతనివైపే చూసింది.

“నమస్కారం, కినుగారూ” అన్నాడు తాత్సుయా పైనుంచి.

ఆవిడ గుండె నిండిపోయింది. “నమస్కారం, తాత్సుయా. చలి ఎక్కువగా ఉంది కదూ” అంది మామూలుగా.

పేటకు అంతా అర్థమైపోయింది. అయినా అతను ఆగలేదు. “నెలకు రెండుసార్లు ఈవిడింటికెళ్లేది నేనే. ఇళ్లలో దూరడానికే ఎక్కడం నేర్చుకున్నా. ఇవాళ మంచు తోయడానికి ఎక్కా. దిగమంటే దిగుతా. కానీ ముందు ఈ పక్క తొయ్యాలి, లేకపోతే ముసలమ్మ ఇల్లు కూలిపోద్ది.”

ఒనోడెరా ముసలమ్మ కిటికీ తెరిచి, ముచ్చట్లు తర్వాత పెట్టుకోండని, తన నెత్తిమీది మంచు సంగతి ముందు చూడమని అందరినీ కలిపి కసిరింది.

ఇవాబుచి గొంతు సవరించుకుని, తాడు చుట్ట పైకి విసిరాడు.

“నడుముకు కట్టుకో. దొంగైనా దొరైనా, ఈ పేటలో తాడు లేకుండా ఎవడూ కప్పెక్కడు. నువ్వు పడితే రేపు మా కప్పెవడు తోస్తాడు?”

తాడు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. కినుగారు పార పక్కన పెట్టి అడుగు వేసేలోపే, ఇవాబుచి ఆ కొసను తన నడుముకు చుట్టుకుని ముడి వేసుకున్నాడు.