నల్ల గొంగడికి తెల్లదారం

జర్మనీ లడాయి మొదలైన ఏడు మా అత్తమ్మ రాజవ్వ కంటికి కోత పెట్టారు. ఎనిమిది రోజులు గదిలోకి వెలుగు రానియ్యొద్దన్నాడు డాక్టరు. నేను ఎల్లారెడ్డి నుంచి బండి మీద కామారెడ్డి పోయి, బట్టల దుకాణంలో పరదా అడిగాను. సేటు పల్చటి పూలగుడ్డ పరిచాడు.

"గిది ఎండను ఆపుతదా?" అన్నాను.

"పరదా మనుషులు సూడకుంటనమ్మా, సూర్యుడు సూడకుంట కాదు!" అని నవ్వాడు.

వట్టి చేతులతో తిరిగొచ్చి, మామయ్య పాత గొంగడి దులిపి, దాని చిల్లును చేతికి దొరికిన దారంతో కుట్టి, కిటికీకి కట్టాను. గది నల్లగా అయిపోయింది.

తొమ్మిదోనాడు కంటి కట్టు విప్పి, గొంగడి కాస్త జరిపాను. అత్తమ్మ రెప్పలార్పుతూ కిటికీ దిక్కు తిరిగింది.

"నల్ల గొంగడికి తెల్లదారమేందే, పిచ్చిదానా?" అంది.

అంత కమ్మటి తిట్టు నేను మళ్ళీ వినలేదు.