కుంచె తెచ్చిన రోజు

లీవు కారణాల జాబితాలో జ్వరం ఉంది, పెళ్ళి ఉంది, చావు ఉంది. వినాయకుడికి కళ్ళు పెట్టడం లేదు. భాగ్యశ్రీ జ్వరం నొక్కింది. టీమ్ లీడ్ తారిక్ నేరుగా ఆమె కుర్చీ దగ్గరికే వచ్చాడు.

"జ్వరం వచ్చిందా, రాబోతున్నదా?"

"మా బాపు కార్వాన్‌ల వినాయకులను చేస్తడు భాయ్. ఒళ్ళంతా ఆయనే చేస్తడు. కళ్ళు నేను పెట్టాలె."

"ఎందుకు, ఆయనకు రాదా?"

"వస్తది. నావే బాగుంటయి."

తారిక్ నవ్వాడు. "పో యార్. దసరా డ్యూటీ మాత్రం నీదే. మల్ల లొల్లి పెట్టొద్దు."

దసరా రాసిచ్చేసింది.

బొమ్మలేసే డిగ్రీ చేసిన పిల్ల కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలోకి రావడం వెనక పెద్ద కథేమీ లేదు. ఎగ్జిబిషన్‌లో జనం ఆమె పెయింటింగుల ముందు నిలబడి సెల్ఫీలు దిగారు, కొనలేదు. "మురిపెం తీరింది గదా, ఇగ నెలజీతం పని చూడు" అన్నది తండ్రి మైసయ్యే. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేర్పించిందీ ఆయనే. ఇప్పుడామె హెడ్‌సెట్ తగిలించుకుని, ఊరిలోవాళ్ళ కంప్యూటర్లలోకి దూరి, "ఒకసారి రీస్టార్ట్ చేశారా సార్?" అని అడుగుతుంది. చేశామంటారు. చేసి ఉండరు.

కోర్సులో చేరిన రోజు మైసయ్య ఒక మాట ఇచ్చాడు. "నువ్వు ఏ పనిల ఉన్నా, మన దేవుళ్ళకు కళ్ళు నీ చేతితోనే బిడ్డా." ఆ ఒక్కటి ఉంచుకుని మిగతాదంతా వదిలేసింది. లంచ్ టైములో టిష్యూల మీద కళ్ళు గీస్తూ చెయ్యి మొద్దుబారకుండా చూసుకుంటోంది.

కార్వాన్‌లో షేర్ ఆటో దిగి, సంచిలో సన్న కుంచెతో తండ్రి షెడ్డులోకి అడుగు పెట్టింది. సగం మంది వినాయకులు అప్పటికే చూస్తున్నారు. ఆమెను కాదు. అందరూ కలిసి గోడమీది బల్లిని చూస్తున్నట్టుంది. మిగతా సగానికి ఇంకా కళ్ళు లేవు.

"మంచిగ వచ్చినవ్ బిడ్డా!" మైసయ్య ఎదురొచ్చాడు. "గీ మిషన్ పొద్దటి సంది నడుస్తలేదు."

మూలన పాత కంప్యూటరు, దాని పక్కన స్టిక్కర్లు కోసే మిషన్.

"కళ్ళు ఎవరు పెట్టిన్రు బాపు?"

"స్టిక్కర్లే. శాలిబండల స్టిక్కర్ల దుకాణం ఖయ్యూం భాయ్ మిషన్ ఇచ్చిండు. పీకుడు, అంటిచ్చుడు."

"నన్ను ఒక్క మాట అడిగేది ఉండె."

"నీకు తీరిక యాడుంటది? పరేషాన్ చేసుడెందుకని."

"దసరా డ్యూటీ ఒప్పుకొని వచ్చిన నేను. మిగిలినవన్న నేను పెడ్త."

మైసయ్య తల గీరుకున్నాడు. "వద్దు బిడ్డా. మండపాలోళ్ళు అన్నీ ఒక్కతీరుగ కావాలంటున్నరు. నువ్వు పెడితే ఒకటి నవ్వుతది, ఒకటి అలుగుతది. సగం గట్ల, సగం గిట్ల అయితే ఎవరు తీసుకపోతరు?"

ఆమె కంప్యూటరు దగ్గరికి నడిచింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రీస్టార్ట్ చేసినవా?"

"చేసిన."

ఆయన చేయలేదు. ఆమే చేసింది. అయినా మిషన్ కదల్లేదు. మూత తీస్తే లోపల స్టిక్కరు కాగితాన్ని గుర్తుపట్టే చిన్న అద్దం మీద తెల్లగా ప్లాస్టర్ దుమ్ము. గుడ్డ పట్టే సందు లేదు.

"సన్నగ ఏమన్న ఉంటే ఇయ్యి."

"నీ సంచిల కుంచె ఉంటది గదా."

ఉంది. ఏడాదిగా గుడ్డలో చుట్టి దాచుకున్న కుంచె. దానితోనే ఆ అద్దాన్ని మెల్లగా, రెప్ప గీసినంత ఒద్దికగా తుడిచింది. మిషన్ గుర్రుమని లేచి కళ్ళు కోయడం మొదలుపెట్టింది.

మొదటి జత చేతిలోకి తీసుకుంది. ఎడమ కంటి కొసన చిన్న తోక. పోయినేడు పెద్ద వినాయకుడికి కన్ను పెడుతుంటే ఆఫీసు ఫోన్ మోగి, కుంచె జారి పడిన గీత. దిద్దేలోపే లారీ వచ్చేసింది.

"గివి నా కళ్ళే కదా బాపు."

"మరి ఎవరియనుకున్నవ్?" మైసయ్య ముఖం వెలిగిపోయింది. "ఖయ్యూం భాయ్ ఫోటో తీసి కంప్యూటర్ల ఎక్కిచ్చిండు. ఇగ నువ్వు రాకున్నా ఫికర్ లేదు."

తోకను కూడా మిషన్ ఎంతో శ్రద్ధగా కోస్తోంది, జత తర్వాత జత. ఆమె కుంచెను దులిపి గుడ్డలో చుట్టబోయింది.

"దాన్ని గీడనే ఉంచు బిడ్డా," అన్నాడు మైసయ్య, కళ్ళు అంటిస్తూనే. "మల్ల దుమ్ము పడితే పనికొస్తది."