మంగవ్వ మంగళారతి

నామినేషన్ రోజు తెల్లవారగానే మంగవ్వ ఇత్తడి పళ్లెం తళతళలాడేలా తోమింది. పసుపు కుంకుమ నీళ్లు కలిపి, కర్పూరం పెట్టి, పళ్లేన్ని తమ్ముడి భార్య సుకన్య చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎవరూ ఆమెను వద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. మన ఇళ్లలో ఇలాంటి అన్యాయాలు నోరు విప్పకుండానే జరిగిపోతుంటాయి.

వాకిట్లో డప్పులు మోగుతున్నాయి. అమీర్‌పేటలోని ఆ ఇరుకు గల్లీ, హాస్టళ్ల బోర్డుల కిందంతా, కండువాల జనంతో నిండిపోయింది. మంగవ్వ తమ్ముడు మహిపాల్ మూడోసారి అసెంబ్లీకి పోటీ చేస్తున్నాడు. తల్లి చిన్నప్పుడే పోతే అతణ్ని చంకనేసుకుని పెంచింది మంగవ్వే. మొదటి ఎన్నికలో గడప గడపా తిరిగి, “మా తమ్మునికి ఓటెయ్యుండ్రి, మీ నల్లా నీళ్ల కష్టం తీర్చకుంటే నన్నడుగుండ్రి” అని పూచీ పడింది. మహిపాల్ గెలిచాడు, నీళ్లూ తెప్పించాడు. రెండోసారి ఓడిపోయాడు. రెండుసార్లూ ఎదురొచ్చి మంగళారతి ఇచ్చింది ఆమే. ఆ తర్వాత ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. ఈసారి పళ్లెం చేతులు మారింది.

కిటికీ సందులోంచి తమ్ముడి కొత్త చొక్కా కనిపించింది. కాలరు ఒక పక్క మడతపడి ఉంది. సరిచేద్దామని మంగవ్వ చెయ్యి లేచింది గాని కాలు కదలలేదు. ఆ సందడిలో మహిపాల్ కూడా అక్క ఏదని అడగలేదు. బల్కంపేట ఎల్లమ్మ గుడిలో నామినేషన్ కాగితాలు పెట్టి మొక్కుకుని, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

ప్రచారం మొదలయ్యాక ఒక వింత జరగసాగింది. గల్లీలో డప్పు చప్పుడు వినపడగానే కొన్ని ఇళ్ల తలుపులు మూసుకుపోయేవి. పోయినసారి నవ్వుతూ మంచినీళ్లిచ్చిన బుచ్చమ్మ సైతం, మహిపాల్‌ను చూడగానే గబగబా లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

“గీ ఇండ్లు మనయి కావు మహిపాలూ. అవతలోళ్ల దిక్కు పోయిన్రు” అని తేల్చేశాడు హనుమాండ్లు. ప్రచారమంతా తన భుజాన వేసుకున్న పెద్దమనిషి ఆయన. ఆయన మాట మీద ఆ గుమ్మాల ముందు ఆగడమే మానేశారు.

ఒకరోజు పొద్దుగూకే వేళ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్న మహిపాల్‌కు ముద్ద దిగలేదు.

“నేనేం తక్కువ చేసిన అక్కా? బుచ్చమ్మ పింఛను కోసం నేనే ఆఫీసుల చుట్టూ తిరిగితి గదా. నన్ను చూసి దర్వాజ ఏసుకున్నది.”

మంగవ్వ చారు పోస్తూ నవ్వింది. “పిచ్చోడా, నీ మీద కోపం కాదురా. ఆమె పెనిమిటి పోయి ఏడాది కాలే. నీకు ఎదురు రావద్దని ఏసుకున్నది. తక్కిన ఇండ్లల్ల గూడ గంతే, మొగుడు పోయినోళ్లే.”

“ఎదురొస్తే ఏమైతది?”

“నామినేషన్ నాడు నేను వంటింట్ల ఎందుకున్ననో, గందుకే.”

మహిపాల్ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో మూసిన తలుపులన్నీ లెక్కలోకి వచ్చాయి గాని, తన ఇంట్లో మూసిన తలుపు అతని కంటికి కనబడలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

“నేను చూడనే లేదక్కా.”

“మస్తు పనుల ఉంటివి. నేనేం అనుకోలే.”

అనుకోలేదన్న ఆ మాటే అతని గుండెను పిండేసింది. “రేపు పంజాగుట్ట ర్యాలీకి పొయ్యేముందు నువ్వే మంగళారతి ఇయ్యాలె” అన్నాడు.

మంగవ్వ బెదిరిపోయింది. “వద్దురా. నువ్వు ఓడిపోతే నన్నంటరు. మంది అంటే ఫికర్ లేదు. నా వల్లనే నా తమ్ముడు ఓడిండని నాకే అనిపిస్తే, నేనెట్ల బతకాలె?”

“పోయినసారి బావ ఉన్నడు. నువ్వే ఎదురొచ్చినవ్. అయినా ఓడిపోయిన గదా. అప్పుడెవరన్న నిన్నన్నరా?”

మంగవ్వకు ఆనాటి మాటలు గుర్తొచ్చాయి. అప్పుడు అందరూ వాన పడి మనవాళ్లు ఓటుకు రాలేదనుకున్నారు.

మర్నాడు వాకిట్లో హనుమాండ్లు నచ్చజెప్పబోయాడు. “జర ఆలోచించు. జనం ఏమనుకుంటరో!”

“మా అక్క రాకుంటే నేను గడప దాట, కాకా.”

మంగవ్వ వచ్చింది. చేతిలో కర్పూరం వెలుగుతున్న పళ్లెం ఉంది. పళ్లెం సుకన్యకు అందించి, ముందు తమ్ముడి కాలరు సరిచేసింది. ఆ తర్వాత బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. ఆనాటి నుంచి ప్రచారంలో ఆమే ముందు నడిచింది. బుచ్చమ్మ తలుపు తానే తట్టింది. “అక్కా, నేను మంగను. బయటికి రా. నా తమ్ముడు నీ మొకం చూడాలనే వచ్చిండు.” గడియ తీసిన బుచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది.

పాఠకులారా, ఇక మహిపాల్ గెలిచాడని రాస్తే అందరికీ ముచ్చటగా ఉండేది. కాని కొద్దిపాటి తేడాతో ఓడిపోయాడు.

ఫలితం తెలిసిన సాయంత్రం అందరూ ఇంట్లో చేరారు. “అప్పుడే చెప్పిన, ఎవరింటరు” అని హనుమాండ్లు గొణిగాడు. వంటింట్లో మంగవ్వ చేతిలోని గిన్నె జారింది. మహిపాల్ లేచి వెళ్లి, అక్క చెయ్యి పట్టుకుని అందరి మధ్యకూ తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“కాకా, నన్ను ఓడగొట్టింది ఓట్లు, మా అక్క మొకం కాదు. ఎవరి గుమ్మం ముందు మనం ఆగకుండ పోయినమో, అది ఆలోచించు.”

అంతలో వాకిట్లో అలికిడయింది. బుచ్చమ్మ, ఆమె వెనక ఆ గల్లీలో తలుపులు మూసుకున్న ఆడవాళ్లందరూ నిలబడి ఉన్నారు. బుచ్చమ్మ చేతిలో వెలుగుతున్న కర్పూరం పళ్లెం ఉంది.

“గెలిచినోళ్లకు ఇచ్చేటోళ్లు మస్తుమంది ఉంటరు బిడ్డా. నీకు మేమిస్తం” అంది.

మంగవ్వ ఆ పళ్లేన్ని తాను కూడా ఒక చేత్తో పట్టుకుంది. ఇద్దరూ కలిసి హారతి ఇచ్చారు. మహిపాల్‌కు బొట్టు పెట్టాక బుచ్చమ్మ తటపటాయిస్తూ హనుమాండ్ల వైపు చూసింది. ఆయన ఒక్క క్షణం నేలచూపులు చూసి, దగ్గరికొచ్చి, “నాకు సుత పెట్టమ్మా” అని తల వంచాడు.

భర్త పోయినంత మాత్రాన ఆడదాని ఆశీర్వాదంలో బలం తగ్గదు. మన మేలు కోరే మనిషి ఎదురు రావడాన్ని మించిన మంచి శకునం ఏ ఇంటికీ ఉండదు.